ఇంటి లెక్క ఇద్దరూ కలిసి చూసుకోవడం ఎలా

పెళ్లయిన కొత్తలో జంటలు ముందుగా అడిగేది ఒకటే. జాయింట్ అకౌంట్ తెరవాలా, ఎవరి అకౌంట్ వాళ్లే ఉంచుకోవాలా? ఆ మాట కాసేపు పక్కన పెట్టండి. ఇంట్లో ఏముందో, బయట ఎంత అప్పుందో ఇద్దరికీ తెలియనంతవరకు ఏ అకౌంట్ తెరిచినా ఒకటే. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఎవరి జీతం ఎక్కువన్న దగ్గర గొడవలు రావడం నేను పెద్దగా చూడలేదు. చెప్పకుండా వేసిన చీటీ దగ్గర వస్తాయి. స్నేహితుడికి పెట్టిన జామీను దగ్గర వస్తాయి. పుట్టింటికి పంపిన ఐదు వేలు ఫోన్‌పే హిస్టరీలో కనబడినప్పుడు వస్తాయి. అందుకే అకౌంట్లను తర్వాత చూద్దాం, ముందు కాగితం తీద్దాం.

మొదటి పని: ఒక కాగితం, మూడు గడులు

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక కూర్చోండి. శుక్రవారం మాత్రం పెట్టుకోవద్దు. శుక్రవారం పూట డబ్బు మాటెత్తితే లక్ష్మి బయటికి పోతుందనే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, లెక్క మొదలుకాకముందే ఆగిపోతుంది.

తెల్లకాగితం మీద నిలువుగా మూడు గడులు గీయండి. మొదటి గడిలో వస్తువో, అకౌంటో, అప్పో ఏదుంటే అది రాయండి. రెండో గడిలో అది ఎవరి పేరు మీద ఉందో రాయండి. మూడో గడిలో నిజంగా దాన్ని ఎవరు నడుపుతున్నారో రాయండి. ఈ మూడో గడే అసలైనది. డ్వాక్రా లోను ఆమె పేరు మీద ఉంటుంది, డబ్బు ఆయన ఆటో రిపేరుకు పోయి ఉంటుంది, కంతులు కట్టలేక గ్రూపులో మాట పడేది మళ్లీ ఆమే. పాల బిల్లు ఆమె అకౌంట్లో పడుతుంది, ఏటీఎం కార్డు మాత్రం ఆయన పర్సులో ఉంటుంది. ఆమె జీతం అకౌంట్‌కు పెళ్లికి ముందు వాళ్ల నాన్న నంబరు ఇచ్చి ఉంటారు, జీతం పడిన మెసేజ్ ఇప్పటికీ చంద్రగిరిలో ఉన్న ఆయన ఫోనుకే పోతుంది. స్థలం ఆయన పేరు మీద, దానికి కరిగించిన గొలుసు ఆమెది.

పేరు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది ఉన్న ప్రతి వరస పక్కన చుక్క పెట్టండి. ఆ రోజు మాట్లాడుకోవాల్సింది చుక్కల గురించే, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. ప్రతి చుక్కనూ చెరిపెయ్యాలని లేదు. కొన్ని తెలిసి ఒప్పుకున్నవి ఉంటాయి. తెలియకుండా జరిగిపోయినవి ఏవో తేలడమే ముఖ్యం.

అప్పులకు వచ్చేసరికి అసలు ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటికి తీరుతుంది అనే మూడూ రాయండి. చేబదుళ్లు కూడా రాయండి. ప్రామిసరీ నోటు రాసిచ్చి ఉంటే తేదీ వేయండి, కోర్టుకెళ్లడానికి ఉన్న మూడేళ్ల గడువు ఇచ్చినవాళ్లకీ తీసుకున్నవాళ్లకీ ఇద్దరికీ పనికొచ్చే సంగతి. వడ్డీని మాత్రం ఏడాది లెక్కలోకి మార్చండి. మనం రెండు రూపాయల వడ్డీ అని తేలిగ్గా అనేస్తాం. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. క్రెడిట్ కార్డులో మినిమమ్ కట్టి మిగతాది వదిలేస్తే పడేది మూడు రూపాయల పైమాటే. ఇలా అన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చాక ఏది ముందు తీర్చాలో అడగాల్సిన పని ఉండదు, పెద్ద అంకె పైకి తేలి కనబడుతుంది.

పెళ్లి అప్పు కూడా ఇందులోకే రావాలి. చాలా ఇళ్లలో అది మామగారి పేరు మీదో, అన్న పేరు మీదో ఉంటుంది, తీర్చేది కొత్త దంపతుల జీతమే. పెళ్లికి అప్పు చేయడం మన ఊళ్లో దేవుడితోనే మొదలైంది. కుబేరుడి దగ్గర తెచ్చినదానికి వడ్డికాసులవాడు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని చెప్పుకుంటాం. ఆయనకు హుండీ ఉంది, మీకు ఒకటో తారీఖు జీతమే ఉంది. నెలకు ఎంత, ఎన్నాళ్లు అనేది ఇంట్లో పెద్దవాళ్లతో ఒక్కసారి గట్టిగా మాట్లాడి రాసుకోండి.

రెండో పని: రెండు ఇళ్లకు పోయే డబ్బు

బడ్జెట్ రాసేటప్పుడు అందరూ బాడుగ, సరుకులు, స్కూలు ఫీజు, కరెంటు బిల్లు వరసగా రాస్తారు. అమ్మానాన్నలకు పంపేది మాత్రం మిగిలినదాంట్లో చూద్దామంటారు. నా సలహా దీనికి తలకిందులు. అది మొదటి వరసలో రాయండి. ఆయన వాళ్లింటికి ఎంత, ఆమె వాళ్లింటికి ఎంత అని రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి. సమానంగా ఉండాలని ఏమీ లేదు. ఒకవైపు పింఛను వస్తుండొచ్చు, ఇంకోవైపు నాన్నకు డయాలసిస్ నడుస్తుండొచ్చు. అవసరాన్ని బట్టి అంకె ఉంటుంది, కానీ రెండూ వెలుతురులో ఉండాలి. దాచి పంపిన రెండు వేలు తెచ్చిపెట్టే తగాదా, చెప్పి పంపిన పదివేలు తేదు.

మేనరికం చేసుకున్న ఇళ్లలో ఇది ఇంకా చిక్కు. అక్క కూతుర్ని చేసుకున్నాయనకు అత్తంటే సొంత అక్కే. ఆమెకిచ్చిన ఇరవై వేలు తమ్ముడు అక్కకు ఇచ్చినట్టా, అల్లుడు అత్తకు ఇచ్చినట్టా? తిరిగి అడగొచ్చా, అడగకూడదా? ఇలాంటి చోట ఇచ్చేటప్పుడే "ఇది అప్పు" అనో, "ఇది ఇచ్చేశాం" అనో దంపతులిద్దరూ తమలో తాము తేల్చుకోవాలి. అప్పు అనుకుంటే తారీఖు వేసి రాసుకోండి. ఇచ్చేశాం అనుకుంటే మళ్లీ ఆ మాట ఎత్తొద్దు. పైకి అప్పని చెప్పి మనసులో వదిలేసుకోవడం, లేదా పైకి ఇచ్చేశామని చెప్పి మనసులో లెక్కేసుకోవడం, రెండూ పదేళ్ల తర్వాత దీపావళి పూట బయటపడతాయి.

చదివింపుల పుస్తకం సంగతి ఎవరూ బడ్జెట్లో రాయరు. మీ పెళ్లిలో వెయ్యినూటపదహార్లు చదివించినవాళ్లింట్లో గృహప్రవేశం వస్తే అంతకు తక్కువ చదివించలేరు. అంటే ఆ పుస్తకంలో ఉన్నదంతా ఎప్పుడో ఒకప్పుడు తిరిగి పెట్టాల్సిన డబ్బే. శ్రావణం, మాఘం, వైశాఖం ముహూర్తాల నెలలు. శుభలేఖలు వరసగా వచ్చి పడతాయి. పుస్తకం తీసి రాబోయే ఏడాదిలో పెళ్లీడుకొచ్చిన పిల్లలున్న ఇళ్లెన్నో చూసి, ఒక మొత్తం అనుకుని, దాన్ని పన్నెండుతో భాగించి నెలనెలా పక్కన వేయండి. ఆషాఢంలో ఆ డబ్బును ముట్టుకోవద్దు, వచ్చే నెలలోనే దానితో పని పడుతుంది.

తిరుపతిలో కాపురముండేవాళ్లకు ఇంకొక ఖర్చుంది. కొండకు పోయే చుట్టాలు. "రేపు పొద్దున్నే దిగుతాం, స్నానాలు చేసి పైకి పోతాం" అని ఫోనొస్తుంది. నలుగురంటారు, ఏడుగురు వస్తారు. వద్దనడం మన ఇంటావంటా లేదు, అనాలని నేను చెప్పడమూ లేదు. కానీ వేసవి సెలవుల్లో, బ్రహ్మోత్సవాల్లో, వైకుంఠ ఏకాదశికి సరుకుల ఖర్చు ఎందుకు పెరిగిందని ఆమెను నిలదీయడం అన్యాయం. పాలు, టిఫిన్లు, రైల్వే స్టేషన్‌కు ఆటో అన్నీ ఆమె చేతుల మీదుగానే పోతాయి. మూడొందల దర్శనం టికెట్లు మీ కార్డు మీద బుక్ చేసినప్పుడు డబ్బులు అడగాలా వద్దా అనేది కూడా ముందే ఇద్దరూ ఒక మాట మీద ఉండండి. ఒకరు మొహమాటంతో వద్దని, ఇంకొకరు లోపల గొణుక్కోవడం వద్దు. చుట్టాల పద్దు అని వేరే వరస రాయండి. ఊళ్లో గంగజాతర వచ్చే నెలకు అందులో కొంచెం ఎక్కువ వేయండి.

మూడో పని: ఎవరు ఎంత వేయాలి

ఇప్పుడు అంకెల్లోకి వెళ్దాం. ఆయన రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో 32,000 తెచ్చుకుంటున్నారు, ఆమె ప్రైవేటు స్కూల్లో 18,000 తెచ్చుకుంటున్నారు అనుకుందాం. రెండు ఇళ్లకు పంపేదాంతో సహా నెల ఖర్చు 35,000.

చెరిసగం అంటే ఒక్కొక్కరు 17,500 వేయాలి. ఆయన చేతిలో 14,500 మిగులుతుంది, ఆమె చేతిలో 500. వినడానికి సమానత్వం లాగానే ఉంటుంది. నెలకు ఐదొందలతో ఆమె చీర కొనుక్కోవాలా, చెల్లెలి పుట్టినరోజుకు ఏమైనా తీసుకోవాలా?

జీతాన్ని బట్టి అంటే వంద రూపాయల ఖర్చులో ఆయనది 64, ఆమెది 36. ఆయన 22,400 వేస్తారు, ఆమె 12,600 వేస్తారు. ఆయనకు 9,600, ఆమెకు 5,400 మిగులుతాయి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే చాలా జంటలకు ఇది సరిపోతుంది.

మూడో దారి ఇంకొకటుంది. ఖర్చు పోగా ఇంట్లో మిగిలిన 15,000ను ఇద్దరూ చెరో 7,500 తీసుకోవడం. అప్పుడు ఆయన 24,500, ఆమె 10,500 వేస్తారు. నాకు ఇదే నచ్చుతుంది. కారణం చెబుతాను. స్కూలు నుంచి వచ్చి ఆమె వంట, పిల్లల హోంవర్కు, అత్తగారి మందులు చూసుకుంటుంటే, ఆయన ఓవర్‌టైమ్ చేయగలుగుతున్నది ఆ పని వల్లే. ఆ పనికి జీతం స్లిప్పు రాదు కాబట్టి మిగులులోనైనా లెక్కకు రావాలి. మీ ఇంట్లో పనులు నిజంగా సగం సగం జరుగుతుంటే రెండో దారే మేలు. అది మీ మనస్సాక్షికి వదిలేస్తున్నా.

ఆమెకు ఉద్యోగం లేకపోతే? అప్పుడు కూడా పద్ధతి ఇదే. ఖర్చు, పొదుపు పోగా మిగిలినదాన్ని చెరిసగం చేసి, ఆమె సగం ఆమె అకౌంట్‌కు ఒకటో తారీఖునే పంపండి. సరుకుల డబ్బు వేరు, ఇది వేరు. సరుకుల్లో మిగుల్చుకుని పోపులడబ్బాలో దాచుకునే తరం వెళ్లిపోవాలి. ఈ సొంత డబ్బును ఇద్దరిలో ఎవరూ లెక్క అడగకూడదు. "ఏమ్మే, ఏడు వేలు యాడికి పోయినాయి?" అని అడిగారంటే అది సొంత డబ్బు కానట్టే. ఆయన ఐపీఎల్ రోజుల్లో స్నేహితులతో బయట తిన్నదానికీ అదే రూలు.

జీతం కాకుండా సీజన్ మీద బతికే ఇళ్లు

తిరుపతిలో సగం ఊరు యాత్రికుల రాకపోకల మీద బతుకుతుంది. ట్యాక్సీ, పూల అంగడి, లాడ్జి, టిఫిన్ బండి ఏదైనా అంతే. సెలవుల్లో రోజుకు రెండు ట్రిప్పులు, పరీక్షల నెలల్లో స్టాండులో కునుకుపాట్లు. ఇలాంటి ఇంట్లో వచ్చిన రోజు వచ్చినట్టు ఖర్చు పెడితే మేలో ఏసీ కొంటారు, ఫిబ్రవరిలో దాని కంతు కోసం గొలుసు తాకట్టు పెడతారు.

దీనికి చేయాల్సింది ఒకటుంది. వచ్చే డబ్బంతా ఒకే అకౌంట్లో పడనివ్వండి. డీజిల్, బండి ఈఎంఐ, ఇన్సూరెన్సు అందులోంచే పోవాలి. పోయినేడు అన్నిటికంటే మందకొడిగా ఉన్న నెలలో ఎంత మిగిలిందో చూసి, ఆ అంకెనే ప్రతి నెలా ఒకటో తారీఖున ఇంటి అకౌంట్‌కు "జీతం"గా పంపండి. రద్దీ నెలల్లో ఎక్కువొచ్చింది అక్కడే ఉండిపోతుంది, మందకొడి నెలల్లో అదే ఆదుకుంటుంది. ఏడాదికొకసారి, బ్రహ్మోత్సవాలైపోయాక, జీతం పెంచొచ్చా లేదా ఇద్దరూ కూర్చుని చూసుకోండి.

చిత్తూరు వైపు మామిడి తోటలున్నవాళ్లకు ఏడాది ఆదాయమంతా ఒకటి రెండు నెలల్లో తేలాలి. అక్కడ ఇంకో జాగ్రత్త కావాలి. 2025 సీజన్‌లో తోతాపురికి కిలోకు 12 రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. అందులో గుజ్జు ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం వేసేది 4. కాయ తోలిన రోజు రైతు చేతిలో ఉండేది రసీదే, డబ్బు కాదు. కాబట్టి ప్రకటించిన రేటుతో లెక్క వేసుకుని కూతురి ఫీజుకో, బోరుకో మాటివ్వద్దు. అకౌంట్లో పడినదే ఆదాయం. అంతవరకు ఇల్లు నడిపేది పాడి. పది పదిహేను రోజులకొకసారి వచ్చే పాల బిల్లును వంటింటి ఖర్చుకే కట్టేసి, తోట డబ్బును అప్పులకూ పెట్టుబడికీ పెట్టుకుంటే రెండూ కలగాపులగం కావు.

నాలుగో పని: ఇప్పుడు అకౌంట్లు

ఇంత అయ్యాక అకౌంట్ల సంగతి తేలిక. మూడుంటే చాలు. ఆయనది ఒకటి, ఆమెది ఒకటి, ఇంటిది ఒకటి. జీతాలు ఎవరివి వాళ్ల అకౌంట్లలో పడతాయి. మరుసటి రోజే ఇంటి వాటా ఆటోమేటిగ్గా జాయింట్ అకౌంట్‌కు పోయేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించండి. బాడుగ, ఫీజులు, ఈఎంఐలు, చీటీ, కరెంటు బిల్లు అన్నీ అందులోంచే పోతాయి.

జాయింట్ అకౌంట్ ఫారంలో ఒక గడి దగ్గర ఆగి చదవండి. "ఐదర్ ఆర్ సర్వైవర్" అంటే ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు, ఒకరు పోతే మిగిలినవారు నడుపుకోవచ్చు. "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అంటే మొదటి పేరున్నవాళ్లు ఉన్నంతకాలం రెండోవాళ్లు చెయ్యి పెట్టలేరు. "జాయింట్‌లీ" అంటే ప్రతిసారీ రెండు సంతకాలూ కావాలి. ఇంటి ఖర్చుకు మొదటిదే సరైనది. మీ పేరు ఉందని సంతోషపడి ఊరుకోకుండా ఏ గడిలో టిక్ పడిందో చూసుకోండి.

మెసేజ్ సంగతి కూడా అప్పుడే తేల్చెయ్యండి. ఆమె అకౌంట్‌కు ఆమె ఫోన్ నంబరే ఉండాలి. బ్రాంచికి వెళ్లి నంబరు మార్పు ఫారం, ఆధార్ ఇస్తే సరిపోతుంది. యూపీఐ పిన్ ఎవరిది వాళ్లకే. "ఆయనకే తెలుసు, ఆయనే వేస్తారు" అనేది బాగున్నన్నాళ్లు బాగానే ఉంటుంది. ఇంట్లో ఫోను వాడటం అంతగా రాని పెద్దవాళ్లుంటే యూపీఐ సర్కిల్ పెట్టుకోవచ్చు. మీ అకౌంట్ నుంచే వాళ్లు ఖర్చు చేసేలా నెలకు 15,000 దాకా పరిమితి పెట్టి వదలొచ్చు.

ఆయన డబ్బుతో ఆమె పేరు మీద ఎఫ్‌డీ వేస్తే పన్ను తప్పుతుందని ఎవరో ఒకరు చెబుతారు. తప్పదు. భర్త ఊరికే ఇచ్చిన డబ్బు మీద భార్యకు వచ్చే వడ్డీని చట్టం భర్త ఆదాయంలోనే కలుపుతుంది. ఆమె పేరు మీద వేయండి, తప్పేం లేదు. కానీ పన్ను కోసం కాదు, ఆమెది ఆమెకుండాలని వేయండి.

ఆసుపత్రి డబ్బు వేరే ఉంచాలి. మా వైపు పెద్ద జబ్బంటే రుయా, స్విమ్స్, లేదంటే రాయవేలూరు సీఎంసీ. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నా, ఇన్సూరెన్సు ఉన్నా, రాయవేలూరులో పది రోజులుండాలంటే రూము బాడుగ, తోడున్నవాళ్ల భోజనం, పోయే కూలీ అన్నీ చేతి నుంచే. మూణ్నెల్ల ఇంటి ఖర్చు ఎఫ్‌డీలోనో, వేరే సేవింగ్స్‌లోనో పెట్టి, ఆ పాస్‌బుక్ ఎక్కడుందో ఇద్దరికీ తెలిసేలా చూడండి.

చీటీ, జామీను, బంగారం

ఈ మూడింటికీ ఒకే నిబంధన పెట్టుకోండి. ఇద్దరూ ఊ అంటేనే.

చీటీని పొదుపు అనుకుంటాం. పాడే దాకా పొదుపే, పాడాక అది అప్పు. లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది, నెలకు ఐదు వేలు అనుకోండి. మూడో నెలలో 25,000 తగ్గించి పాడితే చేతికొచ్చేది 75,000. ఆ 25,000లో నిర్వాహకుల కమీషన్ 5,000 పోగా మిగిలిన 20,000 సభ్యులకు తలా వెయ్యి చొప్పున పంచుతారు. పాడిన మీరు ఇంకా పదిహేడు నెలలు కట్టాలి. ఎందుకు పాడుతున్నామో, ఆ పదిహేడు నెలల కంతు ఎవరి జీతంలోంచో తేలకుండా పాటకు కూర్చోవద్దు. చీటీ కంపెనీ 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరయిందో లేదో చూడండి. 2019 సవరణతో కమీషన్ గరిష్ఠంగా 7 శాతం దాకా తీసుకోవచ్చు, అంతకు మించకూడదు. వీధిలో తెలిసినవాళ్లు నడిపే చీటీకి ఈ రక్షణ ఏదీ లేదు. అది మునిగితే వెళ్లి అడగడానికి ఆ ఇంటి తలుపు తప్ప ఇంకో గుమ్మం ఉండదు.

జామీను గురించి మొహమాటం లేకుండా చెబుతాను. తోటి ఉద్యోగి లోనుకో, చీటీకో సంతకం పెట్టడమంటే ఆ అప్పు మీరు తీసుకున్నట్టే. అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో, జామీనుదారుకూ అంతే బాధ్యతని కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. వాడు కట్టకపోతే బ్యాంకు ముందు వాడి వెంట పడి, ఆ తర్వాతే మీ దగ్గరికి రావాలని ఏమీ లేదు. "మా ఇంట్లో అడిగి చెబుతా" అనడానికి సిగ్గుపడొద్దు. భార్యనడిగి సంతకం పెట్టేవాడని నవ్వుతారు, నవ్వనివ్వండి.

బంగారం. ఎన్ని సవర్లున్నాయో నగ నగకూ రాసి, ఫోటో తీసి పెట్టండి. ఏది ఆమె పుట్టింటివాళ్లు పెట్టింది, ఏది అత్తగారిది, ఏది పెళ్లయ్యాక కలిసి కొన్నది అని పక్కన రాయండి. పెళ్లిలో, పెళ్లికి ముందూ వెనకా ఆమెకు పెట్టినది స్త్రీధనం. దాని మీద భర్తకు హక్కు లేదు. కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఆయనదేనని 2024లో కూడా సుప్రీంకోర్టు చెప్పింది. తాకట్టు పెట్టకూడదని కాదు. బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చేకన్నా బ్యాంకులో బంగారం మీద లోను తీసుకోవడమే నయం. కానీ తాకట్టు ఆమె పేరు మీద పెట్టాలి, రసీదు ఆమె దగ్గర ఉండాలి, విడిపించే తారీఖు గోడ క్యాలెండర్ మీద ఉండాలి. ఏడాది తిరిగాక వడ్డీ కట్టి తిప్పి రాయించుకుంటూ పోతే నగ బ్యాంకుదే అయిపోతుంది.

నామినీ కాగితాలు

ఇది ఒక పూట పని, పదేళ్లు వాయిదా వేసేదీ ఇదే. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరినవాళ్ల పీఎఫ్‌లో నామినీగా అమ్మో, నాన్నో ఉంటారు. పెళ్లయ్యాక కొత్తగా నామినేషన్ ఇవ్వాలి, ఈపీఎఫ్ సైట్లో ఇంట్లో కూర్చునే చేయొచ్చు. బ్యాంకు డిపాజిట్లకు 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. అమ్మనా, భార్యనా అని నలిగిపోయేవాళ్లకు ఇది కొంత ఊరట, ఎవరికెంత వాటానో అందులోనే రాయొచ్చు.

బ్యాంకులో నామినీ డబ్బు అందుకునే మనిషే గానీ హక్కుదారు కాదు. హక్కు వారసులది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా మగవాడు పోతే తల్లికి, భార్యకు, పిల్లలకు సమాన వాటాలు. తండ్రి ఆ మొదటి వరసలో లేడు. తండ్రిని చూసుకోవాల్సిన బాధ్యత మీదే అయితే వీలునామా రాయక తప్పదు. సాదా కాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించినా చెల్లుతుంది.

ఆయన వ్యాపారంలో అప్పుల రిస్కు ఉంటే, టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బొచ్చే బీమా) తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకోవాలని ఏజెంటుకు చెప్పండి. ఆ డబ్బు భార్యాపిల్లలది అవుతుంది, అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. పాలసీ తీసుకున్నాక మార్చుకునేది కాదిది. అంత ప్రీమియం కట్టలేనివాళ్లకు బ్యాంకులోనే రెండున్నాయి. జీవన్ జ్యోతి ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు. ఒక్కోదానికి రెండు లక్షలు, రెండోది ప్రమాదాలకే. మే నెలాఖరులో అకౌంట్లో డబ్బు లేక ఆ 436 కట్ కాకపోతే పాలసీ ఆగిపోతుంది, ఎవరూ చెప్పరు కూడా. జూన్ మొదటి వారంలో పాస్‌బుక్ చూసుకోండి.

నెలకొకసారి కూర్చోవడం

అరగంట చాలు. జీతాలు పడిన తర్వాతి ఆదివారం, టీవీ ఆపి. ఇంటి అకౌంట్ స్టేట్‌మెంట్ ఒక ఫోన్లో తెరిచి, మొదటి రోజు రాసిన కాగితం పక్కన పెట్టుకోండి. పోయిన నెల ఏది మించింది, వచ్చే నెల ఏ శుభలేఖలున్నాయి, ఏ అప్పు ఎంత తగ్గింది. అంతే. గ్యాస్ ఎందుకు తొందరగా అయిపోయిందనే దర్యాప్తు వద్దు. ఐదు వేలు దాటే ఏ ఖర్చైనా ముందు చెప్పుకోవాలని ఒక గీత గీసుకోండి, మీ ఆదాయాన్ని బట్టి ఆ అంకె మార్చుకోండి. భర్త వారమంతా బెంగళూరులో ఉండి శనివారం బస్సుకు వచ్చేవాళ్లు ఈ పనిని ఫోన్లో చేయొద్దు. బస్సు దిగిన రాత్రి కూడా వద్దు.

మాట్లాడేటప్పుడు పాత లెక్కలు తవ్వే అలవాటు మీలో ఒకరికి ఉంటుంది, ఎవరో మీకే తెలుసు. కాగితం మీద లేని విషయం ఆ అరగంటలో రాకూడదని ముందే అనుకోండి.

ఒకరు లెక్క చూపించనంటే

ఇదంతా ఇద్దరూ కూర్చోవడానికి ఒప్పుకున్న ఇళ్ల సంగతి. ఆమె జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, చెప్పకుండా నగలు అమ్మేయడం లాంటివి లెక్క రాకపోవడం కిందికి రావు. 2005 గృహహింస చట్టం వీటిని ఆర్థిక హింస అంటుంది. కొట్టకపోయినా ఇది హింసే. ముందు ఇంటి పెద్దలతో, ఆమెకు నమ్మకమున్న మేనమామతోనో, అన్నతోనో కూర్చుని మాట్లాడించండి. కుదరకపోతే 181కి ఫోన్ చేయొచ్చు, మహిళల హెల్ప్‌లైన్ అది. లాయరుకు డబ్బు లేదని ఆగొద్దు. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, నంబరు 15100. వెళ్లేటప్పుడు మూడు గడుల కాగితం, నగల ఫోటోలు, తన పేరున్న పాస్‌బుక్కులు, డ్వాక్రా లోను పుస్తకం వెంట తీసుకెళ్లాలి. వాటి జిరాక్సులు ఒక సెట్టు పుట్టింట్లో ముందే ఉంచుకోవడం మంచిది.